ఇరవై నిమిషాల్లో జవాబు

ఉస్వ బ్రౌజర్ జనంలోకి వచ్చి ఆరు వారాలైంది. ఆ ఆరు వారాలుగా ఐలా చేస్తున్న పని ఒక్కటే. దాని గురించి ఎవరేమి అడిగినా జవాబు రాయడం.

పడమటి తీరపు ఊరు రౌమ పాత పేటలో, ఒకప్పుడు లేసులు అమ్మిన చెక్క ఇంటి మేడమీది గది వాళ్ల ఆఫీసు. మూడు బల్లలు, ఒక కాఫీ యంత్రం. మొదటి బల్ల తనేలిది. బ్రౌజర్ ఆలోచన అతనిదే. రెండోది కిమ్మోది. ప్రోగ్రాములో తప్పులు వెతికి పట్టుకోవడం అతని పని. కిటికీ పక్కది ఐలాది. మిగతా ఇద్దరూ ముప్పై దాటినవాళ్లు, ఆమె అరవై దాటిన మనిషి.

ఉస్వ అంటే పొగమంచు. పేరుకు తగ్గట్టే, దాన్ని మూసేయగానే అంతవరకు మనం ఎక్కడెక్కడ తిరిగామో, ఏం చదివామో, జాడ లేకుండా పోతుంది. ఎవరూ మన వెనక నడవలేరు. తనేలి దీన్ని ఎంత నమ్మాడంటే, ఆఫీసుకు కూడా అదే నియమం పెట్టాడు. ఎవరైనా ప్రశ్న పంపితే ఐలా జవాబు రాస్తుంది. రాశాక 'అయింది' అన్న మీట నొక్కుతుంది. నొక్కగానే ప్రశ్న, జవాబు, అడిగినవారి చిరునామా అన్నీ చెరిగిపోతాయి. ఆ రోజు ఎన్ని ప్రశ్నలొచ్చాయో ఆ అంకె ఒక్కటే మిగులుతుంది.

"మన బల్లలకు సొరుగులు ఉండకూడదు" అనేవాడు తనేలి.

"నిజంగానే లేవుగా" అనేవాడు కిమ్మో. "నా పెన్నులు ఎక్కడ పెట్టుకోమంటావు?"

ఐలాకు ఈ పద్ధతి మొదట్లో మింగుడు పడలేదు. ఆమె ఇరవై రెండేళ్లు టెలిఫోన్ కంపెనీలో నంబర్ల విచారణలో కూర్చుంది. ఎవరో ఫోన్ చేసి, "రేవు దగ్గర పడవలకు తారు పూసే ఆయన, పేరు గుర్తులేదు, చెల్లెలు బేకరీలో పనిచేస్తుంది" అంటే, ఆ నాలుగు ముక్కలు పట్టుకుని మనిషిని వెతికి నంబరు చేతిలో పెట్టేది. విడిపోయినవాళ్లను కలపడమే తన ఉద్యోగమని ఆమె ఎవరితోనూ అనలేదు కానీ, లోలోపల అనుకునేది. తర్వాత నంబర్లు అడిగేవాళ్లు లేకుండా పోయారు. విచారణ గది మూసేశారు. పక్క కుర్చీలో పద్దెనిమిదేళ్లు కూర్చున్న మైరె, వీడ్కోలు కేకు తిని, వారం వారం కలుద్దామని చెప్పి, మెట్లు దిగి వెళ్లింది. మళ్లీ కనిపించలేదు.

అయినా ప్రశ్నలకు జవాబివ్వడం ఐలాకు వచ్చిన పని. వేగంగా ఇచ్చేది. ఎవరడిగినా ఇరవై నిమిషాలు దాటనిచ్చేది కాదు.

ప్రశ్నలు రకరకాలుగా వచ్చేవి. 'ఉస్వలో నా భార్యకు కానుక వెతికితే ఆమెకు తెలిసిపోతుందా?' 'తెలియదు. ఇంటికొచ్చిన పెట్టె ఎక్కడ దాచాలో మాత్రం మేం చెప్పలేం.' 'బ్యాంకు రోజూ నేనెవరని అడుగుతోంది, ఇరవై ఏళ్ల ఖాతాదారుణ్ణి, సిగ్గు లేదా వాళ్లకు?' 'వాళ్లు మిమ్మల్ని మరిచిపోయేట్టు చేసింది మేమే, క్షమించండి.' 'నన్నెవరూ చూడడం లేదని నీకెలా తెలుసు? నువ్వు చూస్తున్నావా?' దీనికేం రాయాలో తోచక, కిమ్మోను అడిగింది.

"'లేదు, నిన్న నీలం చొక్కాలో బాగున్నారు' అని రాయి అత్తా" అన్నాడు. టెలిఫోన్ కంపెనీ సంగతి తెలిసిన రోజు నుంచి అతను ఆమెను ఎక్స్ఛేంజి అత్త అనేవాడు. తర్వాత ఎక్స్ఛేంజి పోయి అత్త మిగిలింది.

గురువారం మధ్యాహ్నం ఆర్మస్ అనే ఆయన నుంచి ప్రశ్న వచ్చింది. మొదటి మాట నుంచి చివరి దాకా 'మీరు' అని రాశాడు. ఈ రోజుల్లో ఈ దేశంలో మంత్రిగారిని కూడా నువ్వు అనేస్తున్నారు. ఐలా కుర్చీలో కొంచెం సర్దుకుని కూర్చుంది.

ఆయనకు డెబ్బై తొమ్మిదేళ్లు. ఇద్దరు కలిసి గళ్లనుడికట్టు నింపే పేజీ ఒకటుందట. పేర్లు చెప్పుకోనక్కర్లేదు, ఖాతా అక్కర్లేదు. జోడీకి ఒక పేజీ, ఆ పేజీకి మూరెడు పొడవు చిరునామా. పక్కన మాట్లాడుకోవడానికి చిన్న గడి. ఆయన నాలుగేళ్లుగా ఒకావిడతో అందులో నుడికట్టు నింపుతున్నాడు. ఆమె అందులో పెట్టుకున్న పేరు కానెర్వ, కొండల మీద పూసే ఊదాపువ్వు పేరు. ఆయన పేరు తెడ్డు. మొదటి రోజే పోట్లాడుకున్నారట. 'సౌనా ఆవిరిగదిలో ఒళ్లు చరుచుకునే కొమ్మల కట్ట' అని ఆధారం, ఐదు గళ్లు. ఆయన 'వస్త' అని నింపాడు. ఆమె చెరిపేసి 'విహ్త' అని నింపింది. ఆయన దాన్ని చెరిపాడు. వాళ్ల లిపిలో రెండు మాటలూ ఐదక్షరాలే, తేడా నడిమి రెండక్షరాల్లోనే, పక్క ఆధారాలు కూడా తేల్చలేకపోయాయి. ఆ రెండు గళ్లు నాలుగేళ్లుగా ఖాళీగానే ఉంచుకున్నారట.

'పోయిన మంగళవారం ఆమె ఒక సంగతి రాసింది' అని సాగింది ఉత్తరం. 'వచ్చే సోమవారం తనకు పెద్ద ఆపరేషన్ అట. ఏ ఆసుపత్రో, ఏ వార్డో శనివారం ఇక్కడ రాస్తాను, మీకు రావాలనిపిస్తే రండి, రాకపోయినా ఏమీ అనుకోను అని రాసింది. మేం ఎన్నడూ చూసుకోలేదు. నాకు వెంటనే జవాబు రాయడం చేతకాలేదు. రేపు రాద్దాంలే అని కంప్యూటర్ మూశాను. ఆ రోజు ఉదయమే తెరిచి ఉన్న పేజీని మీ ఉస్వలోకి మార్చుకుని, పాత బ్రౌజర్ తీసేశాను. పేజీ చిరునామా ఎక్కడా రాసుకోలేదు. నాలుగేళ్లుగా అది తెరిచే ఉండేది. తప్పు చేశానని అర్థమైన దగ్గర్నుంచి ఇంట్లో కంప్యూటర్‌ను ముట్టుకోలేదు. ఇది లైబ్రరీ నుంచి రాస్తున్నాను. పక్కన బడిలో బఠాణీ సూపు వాసన వస్తోంది, ఆకలికి రెండుసార్లు తప్పు రాశాను. నా ప్రశ్న ఇది. కంప్యూటర్‌ను అలాగే ముట్టకుండా ఉంచితే ఏమైనా దారి ఉందా?'

ఐలా రెండుసార్లు చదివింది. ఇలాంటివి ఇంతకుముందూ వచ్చాయి. పోయిన పేజీ తిరిగి రాదని చెప్పడమే ఆ పనిలో కష్టమైన భాగం. తనేలి నేర్పిన జవాబు ఉంది. దానికి తన మాటలు రెండు కలిపింది. ఉస్వ మూసిన క్షణంలోనే అంతా చెరిగిపోతుందని, దాచడానికి అక్కడ ఏమీ మిగల్లేదని, కాబట్టి ఊరికే భయపడి కంప్యూటర్‌ను పక్కన పెట్టనక్కర్లేదని, ఇంటికెళ్లి నిర్భయంగా తెరుచుకోవచ్చని రాసింది. ఎంతో బాధగా ఉందని కూడా రాసింది. ఫోన్ నంబరు అడుగుదామా అనుకుంది. అడిగితే మనిషి ఇబ్బంది పడతాడేమో, పైగా ఇక్కడ అడగకూడదు. పంపింది. 'అయింది' నొక్కింది. పద్దెనిమిది నిమిషాలు.

మర్నాడు కాఫీ వేళ కిమ్మో ముఖం వెలిగిపోతోంది. పెద్ద తప్పు దొరికినప్పుడే అలా ఉంటాడు.

"తనేలీ, కూర్చుని విను. మన ఉస్వ మూసినప్పుడు ఏమీ చెరపడం లేదు."

తనేలి కప్పు కింద పెట్టాడు. "ఏమీ అంటే?"

"ఏమీ అంటే ఏమీ. చెరపాలని గుర్తు పెట్టుకుంటోంది, అంతే. మళ్లీ తెరిచినప్పుడు మొట్టమొదట ఆ పని చేస్తోంది. రాత్రి గిన్నెలు తోముతానని చెప్పి పడుకుని, పొద్దున అత్తగారు వంటింట్లోకి వచ్చే లోపల గబగబా తోమేసినట్టు. అందుకే ఇన్నాళ్లూ మనకు కనిపించలేదు. మనం చూద్దామని తెరిచేసరికి గిన్నెలు తళతళ."

తనేలి రెండు చేతులతో ముఖం మూసుకున్నాడు. "నేను పత్రికలవాళ్లకు ఏమని చెప్పాను! క్షణంలో చెరిగిపోతుందని చెప్పాను."

ఐలా చేతిలో రొట్టెముక్క అలాగే ఉండిపోయింది.

"కిమ్మో, తెరవకపోతే?"

"ఏంటత్తా?"

"మూసి మళ్లీ తెరవకపోతే ఏమవుతుంది?"

"ఏమీ కాదు. అన్నీ భద్రంగా ఉంటాయి. ఆ డిస్కు నా చేతికిస్తే అరగంటలో ఒక్కో పేజీ చిరునామా చదివి వినిపిస్తాను." అప్పుడు ఆమె ముఖం చూశాడు. "ఎందుకు? ఎవరికేం చెప్పావు?"

చెప్పింది.

"నీ తప్పేం కాదు" అన్నాడు తనేలి. "నేను నేర్పిందే రాశావు."

"తెరవమన్నాను తనేలీ. ఆయన ముట్టుకోకుండా కాపాడుకుంటుంటే, నేను పనిగట్టుకుని తెరవమన్నాను." "ఆయన ఇంకా చదివి ఉండకపోవచ్చు. లైబ్రరీ నుంచి రాశాడు. జవాబు చూడాలంటే మళ్లీ అక్కడికే వెళ్లాలి కదా. ఆయన చిరునామా కావాలి."

ఇద్దరూ ఆమె వైపు చూశారు. చిరునామా లేదని ఆమెకే అందరికంటే బాగా తెలుసు.

"ఎక్కడో ఒకచోట నకలు ఉండదా?"

"ఉండకూడదనే కదా ఇంత కష్టపడ్డాం" అన్నాడు తనేలి మెల్లగా. అతని మాటలో గర్వం లేదు.

"ఉస్వ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ప్రకటన పెడదాం. ఆర్మస్ గారూ, ఉస్వ తెరవకండి అని."

కిమ్మో ముందు అర్థం చేసుకున్నాడు. "అత్తా, అది ఎవరికి కనిపిస్తుంది? ఉస్వ తెరిచినవాళ్లకే."

ఐలా ఆ నుడికట్టు సైటువాళ్లకు రాసింది. గంటలో మర్యాదగా జవాబొచ్చింది. తమ దగ్గర నలభై వేల జోడీల పేజీలున్నాయని, ఏ పేజీలో ఎవరున్నారో, ఏం రాసుకున్నారో తమకే కనిపించకుండా తాళం వేసి ఉంటాయని, చిరునామా ఉన్నవాళ్లే తెరవగలరని రాశారు.

"బాగా కట్టారు వీళ్లు" అని నోరు జారాడు తనేలి. ఐలా చూసిన చూపుకు మళ్లీ తన తెరలోకి తల దూర్చాడు.

ఇక మిగిలింది పాత విద్యే. ఐలా కాగితం తీసి, జ్ఞాపకమున్నదంతా రాసింది. ఆర్మస్. డెబ్బై తొమ్మిది. లైబ్రరీ బడికి ఆనుకుని ఉంది. గురువారం తెరిచి ఉంటుంది. 'వస్త'. ఆ చివరి మాట కింద గీత గీసింది. భూర్జ కొమ్మల కట్టను రౌమలో ఎవరూ వస్త అనరు. పడమటి తీరమంతా విహ్తే. వస్త అన్నవాడు తూర్పు మనిషి, సావో వైపో, కరేలియా వైపో. సగం దేశం తగ్గింది.

"అయితే వస్త అనేవాడి కోసమా ఇంత తాపత్రయం?" అని కిమ్మో ఆమెను నవ్వించబోయాడు. ఆమె నవ్వకపోయేసరికి కుర్చీ దగ్గరికి లాక్కుని, "సగం జాబితా ఇటు ఇవ్వు" అన్నాడు.

తూర్పున బడుల్లో ఉన్న చిన్న లైబ్రరీలు అరవై పైచిలుకు తేలాయి. చాలా చోట్ల ఎవరూ ఎత్తలేదు. ఎత్తినవాళ్లు మాట పూర్తి కానివ్వలేదు. మా దగ్గరికి ఎవరొస్తారో చెప్పే ఆచారం లేదండీ. అది వాళ్ల సొంత విషయం. మీరెవరు? ఏదో బ్రౌజర్ కంపెనీ అంటున్నారు, మనిషిని వెతుకుతున్నారా? ఐలా క్షమించమని చెప్పి తర్వాతి నంబరు నొక్కేది.

నాలుగు గంటలకే బయట చలికాలపు చీకటి పడ్డాక, ఒక ఊళ్లో గొంతు బొంగురుగా ఉన్న లైబ్రేరియన్ మొత్తం విన్నది.

"నిన్న మా బడిలో బఠాణీ సూపే" అన్నది. "గురువారం దేశంలో ఏ బడిలో మాత్రం కాదులెండి. చూడండి, ఎవరొచ్చారో నేను చెప్పను. మీరు మా అమ్మ అయినా చెప్పను."

"అడగనండి. కంప్యూటర్ మీద ఒక చీటీ అంటించండి చాలు."

"అంటించడానికేం. ఏం రాయమంటారు?"

"ఆర్మస్ గారూ, ఇంట్లో ఉస్వ తెరవకండి, ఈ నంబరుకు ఫోన్ చేయండి అని."

"మా ఊళ్లో ముగ్గురు ఆర్మస్‌లు. ముగ్గురూ హడలి చస్తారు" అంటూనే రాసుకుంది. "ఇంకోటి కూడా చేస్తాను. చుట్టుపక్కల లైబ్రరీలవాళ్లందరం ఒకరికొకరం తెలుసు. వాళ్లనూ అంటించమంటాను. మళ్లీ తెరిచేది మంగళవారమే మరి."

"శనివారం తెరవరా?"

"ఇంత చిన్న ఊరికి శనివారమెక్కడిదమ్మా?"

శని, ఆదివారాలు ఐలా ఫోన్ పక్కనే ఉంది. శనివారం సాయంత్రం సౌనా కూడా వేడి చేసుకోలేదు. ఎక్కడో పడమటి తీరాన ఒకావిడ సంచీ సర్దుకుంటూ, వార్డు నంబరు టైపు చేస్తూ ఉంటుందనుకుంది. తమ ఊళ్లోనే అయినా అవ్వొచ్చు. కూరగాయల కొట్లో తన వెనకే నిలబడి ఉండొచ్చు. పేరు తెలియదు. అడగడానికి ఆసుపత్రులున్నాయి, కానీ కానెర్వ అనే పూవును ఏ ఆసుపత్రిలోనూ చేర్చుకోరు.

సోమవారం ఉదయం ఆమె తెర తెరిచేసరికి ప్రశ్నల వరసలో మొదటిదే ఆర్మస్‌ది. ఒక్క క్షణం గుండె ఎగిరింది. తర్వాత పైన చిన్న గుర్తు చూసింది. ఆ ప్రశ్న ఇంట్లోని ఉస్వ నుంచి వచ్చింది.

'మీరు అంత త్వరగా జవాబిచ్చినందుకు కృతజ్ఞుణ్ణి' అని రాశాడు ఆర్మస్. 'ఆ రోజు నేనింకా కోటు కూడా తొడుక్కోలేదు, బస్సు కోసం లైబ్రరీలోనే కూర్చున్నాను. చదువుకుని ఇంటికెళ్లి, మీరన్నట్టే తెరిచాను. మీరు చెప్పింది నిజమే, ఏమీ లేదు. నిన్నటి దాకా ఆలోచించాను. ఒక్క ప్రశ్న మిగిలింది. ఆ పేజీలో నేను లేకుండా పోయాక ఆమెకు ఏం కనిపిస్తుంది? నేను ఇంకా కూర్చుని ఉన్నట్టు కనిపిస్తుందా?' కింద, అడగకుండానే, తన ఫోన్ నంబరు రాశాడు.

గురువారం సాయంత్రమే అంతా అయిపోయింది. శుక్రవారం పొద్దున కిమ్మో తప్పు పట్టుకునే సరికి, ఈమె అరవై లైబ్రరీలకు ఫోన్ చేసే సరికి, అక్కడ కాపాడడానికి ఏమీ లేదు. కాస్త బద్ధకించి ఉంటే చాలేది. ఒక్కరోజు ఆలస్యం చేసి ఉంటే చాలేది.

కిమ్మో ఆమె భుజం మీదుగా చదివాడు. తన కంప్యూటర్‌లో ఆ నుడికట్టు సైటు తెరిచాడు. ఐలా తన దాంట్లో తెరిచింది. ఇద్దరూ ఒక జోడీగా చేరారు. కిమ్మో మూసేశాడు. ఐలా తెర మీద, గళ్ల కింద, బూడిదరంగు అక్షరాలు వచ్చాయి. 'మీ జోడీ వెళ్లిపోయారు. కొత్త జోడీ కావాలా?'

"పాపిష్టి యంత్రం" అన్నాడు కిమ్మో.

ఐలా ఫోన్ తీసుకుని, కిటికీ వైపు తిరిగి, నంబరు నొక్కింది.

"ఆర్మస్ గారేనా? నేను ఉస్వ నుంచి, ఐలాను."

"అయ్యో, మీరు మనిషా?" అన్నాడాయన. గొంతు అనుకున్న దానికంటే చిన్న వయసువాడిదిలా ఉంది. "అంత తొందరగా జవాబొస్తే యంత్రమేమో అనుకున్నాను. అయినా మర్యాదగా రాశాను, యంత్రమైతే మాత్రం ఏం?"

"మనిషినేనండి."

"పడమటివారు. గొంతులో తెలుస్తోంది. మీరూ విహ్త అనే రకమేనా?"

"ఆ రకమేనండి."

"ఆమెకు ఈ ఉదయమే ఆపరేషన్. ఎనిమిదింటికి అని రాసింది మంగళవారం." ఆయన ఆగాడు. వెనక గోడ గడియారం చప్పుడు వినిపించింది. "మిమ్మల్ని ఒకటి అడుగుతాను, మొహమాటపడకుండా నిజం చెప్పండి. నేను ఆ కంప్యూటర్‌ను తెరవకుండా అలాగే ఉంచి ఉంటే దొరికేదా? నాలుగు రోజులుగా అదే తొలుస్తోంది. తొందరపడ్డానేమో అని."

కిమ్మో, తనేలి ఇద్దరూ ఆమెనే చూస్తున్నారు. వచ్చే వారం ఆ తప్పు గురించి ఉస్వ మొదటి పేజీలోనే ప్రకటన వస్తుంది. తనేలి రాసి పెట్టుకున్నాడు. ఆర్మస్ అది చదువుతాడు, చదవకపోవచ్చు.

"లేదండి" అంది ఐలా. "దొరికేది కాదు."

"అమ్మయ్య" అన్నాడాయన. నిజంగానే ఊపిరి వదిలాడు. "అదొక్కటి పోయింది. ఇక నా రెండో ప్రశ్న. ఆమెకు ఏం కనిపిస్తుంది?"

ఒక అబద్ధం ఆడాక రెండోది తేలిగ్గా వస్తుందనుకుంది. నోరు తెరిచింది. రాలేదు. కిటికీ కింద రాళ్లబాట మీద ఎవరో సైకిల్ నడిపించుకుంటూ వెళ్తున్నారు. ఆమె ఆ చక్రాలనే చూస్తూ ఉండిపోయింది.

"వినిపిస్తోందా?" అన్నాడు ఆర్మస్.

"వినిపిస్తోందండి."

"సరే. చెప్పొద్దులెండి." ఆయన కుర్చీ లాక్కున్న చప్పుడైంది. "ఆసుపత్రి అన్న మాట వినగానే జనం మాయమవుతారని ఒకసారి రాసింది ఆమె. ఆ గడిలోనే. నేనలాంటివాణ్ణి కాదని కూడా రాసింది."

ఐలా కళ్లు మూసుకుంది. ఆమెకు తెలిసిన మాట ఒక్కటే నోటికొచ్చింది. ఇరవై రెండేళ్లూ, ఆ తర్వాత ఈ ఆరు వారాలూ, ప్రతి మనిషినీ అడిగిన మాట.

"ఇంకేమైనా అడగాలా అండి?"

"లేదమ్మా" అన్నాడాయన. "ఇంకెవరిని ఏమడగాలి?"

ఆయన ఫోన్ పెట్టలేదు. ఆమె కూడా పెట్టలేదు.